దినచర్యారూపమైన చారిత్రక నవల

చారిత్రక నవల యనగానే తెలుగు పాఠకునకు కోటలు, కత్తులు, రాయబారములు, మారువేషములు తోచును. నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి', అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' ఈ రుచిని పెంచిన రచనలు. వాని గొప్పతనమును ఎవరును కాదనరు. అయితే చరిత్రను వంటయింటి గడపనుండి చూచు మృదువైన నవలాశాఖ యొకటి కలదు. కథానాయిక తన దినచర్యను, అనగా డైరీని, తానే వ్రాసికొన్నట్లు కల్పించుట దాని పద్ధతి.

ఇంగ్లీషులో 1844లో వెలువడిన 'లేడీ విలోబీ దినచర్య' ఇందుకు మంచి యుదాహరణము. హానా మేరీ రాత్‌బోన్ అను నామె తన పేరు చెప్పకయే దీనిని ప్రకటించెను. మొదటి చార్లెసు రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగిన కాలమున ఒక ప్రభువు భార్య వ్రాసికొన్న పుటలివి యని తోచునట్లు అచ్చును, కట్టుబడిని సైతము పాతకాలపు తీరున కూర్చిరి. నిజమని నమ్మినవారును లేకపోలేదు. ఈ వేషము వినోదమే కాని గ్రంథమునకు ప్రాణము కాదు.

దినచర్య వ్రాయువారికి రేపు తెలియదు. ప్రాణమంతయు అందులోనే యున్నది. సాధారణ నవలలో కథ ముగింపు రచయితకు తెలియును, పాఠకునకు తెలియదు. ఇచ్చట వరుస తారుమారగును. 1649లో రాజునకు శిరచ్ఛేదము జరుగునని పాఠకుడెరుగును. బిడ్డలను, ఇంటి పనులను చూచుకొనుచున్న ఆ ఇల్లాలెరుగదు. ఆమె నిశ్చింతగా వ్రాసిన పంక్తిని చదువునపుడే పాఠకుని గుండె తడబడును. మృదురచనలో భయము లేదనుట పొరపాటు. అది వ్రాసిన మాటలో కనబడదు. చదువరి మనస్సులో పుట్టును.

ఆన్ మానింగ్ 1849లో రచించిన 'మేరీ పొవెల్' కథ మహాకవి మిల్టను భార్యది. 1642లో వివాహమై, కొలది కాలమునకే పుట్టినింటికి మరలి, 1645లో గాని ఆమె భర్తను చేరలేదు. ఆ ఎడబాటులో మిల్టను విడాకులను సమర్థించుచు గ్రంథము వ్రాసెను. అతని పక్షము లోకమునకు దక్కినది. ఆమె పక్షము దక్కలేదు. మానింగ్ ఆమె చేతికి కలమిచ్చినది. ఇది మెచ్చదగినదే. కాని పాతకాలపు వర్ణక్రమమును పుటపుటను చల్లుటచే కొంత దూరము పోవుసరికి విసుగు కలుగును. ముగింపులోని సఖ్యము సైతము కొంచెము తీపి యెక్కువైనది.

తెలుగునకు ఈ రూపము పరాయిది కాదు. గ్రామ కరణముల కవిలెలను కావలి సోదరులు మెకంజీ దొర కొరకు సేకరించిరి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రను మజిలీ మజిలీకి వ్రాసియుంచెను. అది 1838లో అచ్చయ్యెను. అయితే కవిలెయు యాత్రయు పురుషుల వ్రాతలే. ఇల్లాలి పుట ఖాళీగా నున్నది. దానిని కల్పనయే నింపవలెను.

హోసూరు సీమలో ఇందుకు తగిన వస్తువు సిద్ధముగా నున్నది. 1791 జూలైలో కారన్‌వాలిసు సేన హోసూరు కోటను పట్టుకొనెను. 1792 శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు, అందు కృష్ణగిరి, కుంపిణీ పాలయ్యెను. హోసూరు మాత్రము 1799 వరకు టిప్పు రాజ్యముననే నిలిచినది. ఏడేండ్లపాటు ఈ రెండు ఊళ్ళ నడుమ రాజ్యముల పొలిమేర. మూకండపల్లి యింటి ఆడుబిడ్డను కృష్ణగిరి వైపునకు ఇచ్చిరనుకొందము. తల్లి ఏమి వ్రాసికొనును? సంధి షరతులు వ్రాయదు. గాదెలో మిగిలిన రాగులు, దండుకు తోలుకొనిపోయిన ఎద్దులు, పురిటికి రావలసిన కూతురు రాని నెల, ఇవి వ్రాయును.

ఏ తెలుగులో వ్రాయుననునది క్లిష్టమైన ప్రశ్న. గ్రాంథికము వ్యాసమునకు చెల్లవచ్చును. ఆ తల్లి నోట పెట్టినచో మానింగ్ చేసిన తప్పే యగును. కన్నడము, తమిళము కలిసి మెలిసిన మొరసునాటి మాటయే ఆమెకు తగినది. 1970వ దశకమునుండి మూకండపల్లి కర్మాగారముల నడుమ నున్నది. 2006 నాటి చట్టముతో ఇచ్చటి తెలుగుబడి పిల్లలకు తమిళము విధిపాఠమైనది. బడి పుస్తకములోని తెలుగు కోస్తా తీరున దిద్దినది. అవ్వ మాట అందులో లేదు. అట్టి దినచర్యను వ్రాయదలచినవారు ముందు అవ్వల యరుగుల మీద కూర్చుండి గాదెకు, కాడికి, పురిటికి వారేమందురో అడిగి వ్రాసికొనవలసియుండును. ఆ పని ఈ తరముననే జరుగవలెను.