దూలపు బొమ్మ - రెడ్డిగారి గ్రంథము

ఒక వస్తువును చిన్న చిన్న మూలకాలుగా విభజించి, వాటి కణుపుల కదలికలను సమీకరణాలతో కనుగొనుటే పరిమిత మూలక పద్ధతి. దీనిని బోధించు గ్రంథాలలో పేరు పొందినది జె. ఎన్. రెడ్డిగారి ‘యాన్ ఇంట్రడక్షన్ టు ది ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్’. తొలి ముద్రణ 1984. గ్రంథకర్త మన వరంగల్లువారు. 1968లో ఉస్మానియాలో పట్టం పుచ్చుకొని, టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. మనవారని పొగడుట సులభమే. దూలమును లెక్కకు సిద్ధపరచు విద్యార్థికి ఈ పుస్తకం ఎంతవరకు తోడు వచ్చును?

సిద్దిపేట జిల్లా నారాయణరావుపేటలో ఒక బడి వరండాకు కాంక్రీటు దూలము వేయవలెననుకొందము. గోడల నడుమ ఖాళీ 3 మీటర్లు, గోడ మందము 23 సెంటీమీటర్లు, దూలపు లోతు 30 సెంటీమీటర్లు. దీనిని ఒక గీతగా గీయవచ్చును. లేదా దీర్ఘచతురస్రంగా గీసి, వెడల్పును అంకెగా ఇవ్వవచ్చును.

గీత ఎప్పుడు చాలును? ఇక్కడ రెడ్డిగారికి సాటి అరుదు. వంపును మాత్రమే లెక్కించు ఆయిలర్-బెర్నౌలీ దూలమును, పొరలు జారజూచు కోతను కూడ లెక్కించు టిమొషెంకో దూలమును పక్కపక్కనే నిలిపినారు. నడుమ బరువు పెట్టిన మన దూలంలో కోతవల్ల అదనపు ఒంగుబాటు 2.5 శాతమే. పొడవు లోతుకు రెండింతలే అయినచో అది 72 శాతము!

మూలకం అకారణంగా బిగిసిపోవు దోషమును కూడ ఆయన ఓపికగా వివరించినారు. ఈ దోషం దీర్ఘచతురస్రపు బొమ్మకూ అంటును. లోతు మొత్తానికి ఒకే వరుసగా నాలుగు కణుపుల చదరపు మూలకాలు పెట్టినచో శుద్ధమైన వంపులో అసలు ఒంగుబాటులో 69 శాతమే కనబడును. వాటిని పదింతల పొడవుగా సాగదీసినచో 2 శాతము దాటి కొంచెమే. దూలము ఉన్నదానికన్న గట్టిదని లెక్క చెప్పును. భయపడవలసినది ఇందుకే.

అయితే, గీత పొడవు ఎంత? పుస్తకపు అభ్యాసాలలో పొడవు, ఆధారాలు చాలావరకు ముందే ఇచ్చి ఉండును. బడి దూలానికి ఎవరిత్తురు? గోడ అంచునుండి అంచుకు 3 మీటర్లు. గోడల మధ్యరేఖలనుండి 3.23 మీటర్లు. ఒంగుబాటు పొడవు ఘనమును బట్టి పెరుగును గనుక ఈ 23 సెంటీమీటర్లకే 25 శాతము తేడా. దీర్ఘచతురస్రంలోనైతే, గోడపై ఆనిన మేరను గీయక ఒక్క బిందువుతో ఆపినచో, మూలకాలను సన్నము చేసిన కొలది అక్కడి ప్రతిబలం అంతులేక పెరుగును. విద్యార్థి దానిని నిజమని నమ్మును.

ఇది గణిత గ్రంథము, చిత్రలేఖనము కాదు అని సమాధానం చెప్పవచ్చును. కొంత న్యాయమే. కాని నార్వేలో 1991 ఆగస్టు 23న స్లైప్నర్ ఎ అను సముద్ర వేదిక కాంక్రీటు కట్టడం మునిగినప్పుడు తప్పు సమీకరణాలలో లేదు. మూలకాల విభజన బాగుండక గోడలలోని కోత 47 శాతము తక్కువగా లెక్కకు వచ్చినది. ఉక్కు అమరికలోని లోపమూ తోడైనది.

దూలాల అధ్యాయానికి ముందు ఇటువంటి బొమ్మలు నాలుగైదు పుటలు చేర్చి ఉండవలసినది. అంతవరకు విద్యార్థి ఐ. ఎస్. 456లో దూలపు పొడవును నిర్ణయించు నిబంధనను తెరచి, ఈ గ్రంథం పక్కన ఉంచుకొనుట మేలు.