కావేరీ సీమలో చమురు, మంచినీరు: ఒక చట్టముపై విమర్శ

తంజావూరు సీమలో తరతరములుగా నెలకొన్న మన కుటుంబములకు కావేరి యనగానే నాయకరాజుల కొలువు, మేలట్టూరి భాగవత మేళము, తిరువయ్యారులోని త్యాగరాజస్వామి సమాధి స్మరణకు వచ్చును. ఆ నేల లోతున చమురు, సహజవాయువు గలవు. వానికి పైన మన బావులకు ఊటనిచ్చు మంచినీటి పొరలు గలవు. చమురు బావి యీ పొరలను దాటియే దిగవలెను. కావున తమిళనాడు శాసనసభ 2020లో చేసిన సంరక్షిత వ్యవసాయ మండల అభివృద్ధి చట్టము యొక్క గుణదోషములను ఇచట మనవి చేయుచున్నాము.

మొదట గుణము. తంజావూరు, తిరువారూరు, అప్పటి నాగపట్టణము జిల్లాలలోను, కడలూరు, పుదుక్కోట జిల్లాలలోని కొన్ని భాగములలోను క్రొత్తగా చమురు వెదకుట, త్రవ్వుట, తీయుట నిషేధింపబడినవి. 2017లో నెడువాసల్ గ్రామస్థులు నెలల తరబడి సాగించిన ఆందోళన వ్యర్థము కాలేదనుటకు ఇదియే సాక్ష్యము.

ఇక దోషము. పూర్వమునుండి నడచుచున్న పనులకు ఈ నిషేధము వర్తింపదు. త్రవ్విన బావిలో ఉక్కు గొట్టము దింపి, గొట్టమునకును నేలకును నడుమ సిమెంటు నింపి, నీటి పొరలను కాపాడుదురు. ఆ సిమెంటు పగిలినను, గొట్టము తుప్పుపట్టినను, లోతుననున్న ఉప్పునీరు, వాయువు పైకి వచ్చి మంచినీటిలో కలియవచ్చును. చమురుతో కూడ వెలువడు ఉప్పునీటిని నేలపై విడిచినను ముప్పే. ఏండ్లు గడచినకొలది ఈ భయము హెచ్చును. చట్టము మాత్రము క్రొత్త బావులనే చూచినది! 2017 జూన్ 30న కదిరామంగళములో చమురు కారినది పూర్వము వేసిన గొట్టమునుండియే గదా.

చమురు వలదని మేమనము. దేశమునకు కావలసిన చమురులో అధికభాగము నేటికిని విదేశములనుండియే వచ్చుచున్నది. అయితే చమురును ఓడలో తెప్పించుకొనవచ్చును. చెడిన ఊటను ఏ ఓడయు తేజాలదు. కావున ప్రతి పాతబావి చుట్టునున్న నీటిని ఏటేట పరీక్షించి, ఫలితములను గ్రామసభలో చదివి వినిపింపవలెను. పని ముగిసిన బావులను సిమెంటుతో గట్టిగా మూయవలెను. వ్యయమును చమురు తీసినవారే భరింపవలెను.

ఈ ప్రశ్న కావేరితోనే ముగియదు. గోదావరి పాయల నడుమను చమురు బావులున్నవి. 1995 జనవరిలో పాసర్లపూడి బావి అదుపు తప్పి రెండు నెలలకు పైగా మండిన సంగతి యానాము సోదరులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మన పెద్దలు ఏ ఊరికి వలసవచ్చినను ముందు బావి త్రవ్వించి, పిదప ఇల్లు కట్టిరి. ఆ బావినీటిని కాచుకొనుట మన వంతు.