సంతాపపుటయు వీరగల్లును

సంఘముల ప్రత్యేక సంచికలలో తప్పక కానవచ్చు భాగమొకటి సంతాపపుట. దానిని సాహిత్యముగా నెంచి విమర్శింప నెవ్వరును పూనుకొనరు. గతించినవారిని గూర్చిన వ్రాతలో దోషమెన్నుట మర్యాద కాదని తలంతురు. ఆ మర్యాదను కొంచెము మీరి, ఆ పుటను గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఇటీవల పాత సంచికలు తిరుగవేయుచుండగా మా పెదతండ్రిగారిని గూర్చిన సంతాపవాక్యము మా కంటబడినది. సౌజన్యమూర్తి, పరోపకారి, వారి మరణము సంఘమునకు తీరని లోటు అని అందున్నది. ఆ ప్రక్కనే మరి యిద్దరిని గూర్చియు నవే మాటలు. పేరు మార్చినచో ఒకరి వాక్యము మరియొకరికి సరిపోవును. ఆయన పూర్వులు ఏ యూరివారో, ఆయన ఏ పని చేసి బ్రదికిరో, ఇంట తెలుగును ఎట్లు నిలిపిరో ఒక్క ముక్కయు లేదు.

మనము స్థిరపడిన కన్నడసీమలో పూర్వులిట్లు వ్రాయలేదు. బెంగుళూరు చెంతనున్న బేగూరులో క్రీ. శ. 890 ప్రాంతపు వీరగల్లు కలదు. నాగత్తరుని పక్షపువాడు బెంగుళూరు యుద్ధమున మడిసెనని అది చెప్పుచున్నది. ఆ నగరము పేరు కనబడు మిక్కిలి ప్రాచీనమైన వ్రాత యిదియే యందురు. ఒక చావును వివరముగా వ్రాయుటచే ఒక ఊరి పేరునకు సాక్ష్యము నిలిచినది.

మండ్య జిల్లా ఆతకూరు శాసనము క్రీ. శ. 949–50 నాటిది. తక్కోలపు యుద్ధమున చోళ రాజాదిత్యుడు కూలిన పిమ్మట, గాంగరాజు బూతుగుడు తన సేవకుడగు మణలేరుని మెచ్చి, వలసినది కోరుకొమ్మనెను. అతడు కాళి యను వేటకుక్కను కోరెను. ఆ కుక్క అడవిపందితో పోరాడగా రెండును చచ్చెను. దాని పేర శిల నిలిపి, పూజకై భూమి నిచ్చిరి. జరిగినది జరిగినట్లు చెప్పుటచేతనే వేయేండ్ల తరువాతను ఆ కాళి మనకు పరిచితమైనది.

ఈ శిలలకును కొరత కలదు. పోరున కూలినవానికి దొరకిన రాయి, జీవితమంతయు సంసారము మోసి మంచమున కన్నుమూసిన యిల్లాలికి అరుదుగనే దొరకినది. ఆ కొరతను కావ్యము కొంత తీర్చినది. విశ్వనాథ సత్యనారాయణ గతించిన తన భార్యను తలచి ‘వరలక్ష్మీ త్రిశతి’ రచించెను. శ్రీశ్రీ 1950లో వెలువడిన ‘మహాప్రస్థానము’ను, 1937లో మరణించిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావునకు అంకితము చేసెను. ఆ అంకితగీతము తీరని లోటను మాటకు ఎదురు తిరుగును. మిత్రుడు పోయినను లోకము తన పనిలో తానున్నదని నిష్ఠురముగా పలుకును. ఆ నిష్ఠురము వలననే అందలి దుఃఖము నమ్మదగినదైనది.

మనబోటి కుటుంబములకు ఈ విషయము మరింత ముఖ్యము. ఒక పెద్ద కన్నుమూసినప్పుడెల్ల ఒక పూర్వగ్రామము పేరు, ఒక వరుస పిలుపు, ఇచ్చటి తెలుగున మాత్రమే నిలిచిన పలుకొకటి పోవుచున్నవి. పురపాలక సంఘపు మరణపుస్తకము పేరును తేదీని వ్రాసికొనును. తక్కినది వ్రాయవలసినవారము మనమే. కావున పొగడ్త కొంత తగ్గించి, పోయినవారు చేసిన పని యొకటి, పలికిన మాట యొకటి చేర్పుడని సంపాదకులను కోరుచున్నాము.

మా పెదతండ్రిగారు పళ్లెములో ఇసుక పరచి, మా వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించిరి. ఆనాటి పుటలో లేని యీ వాక్యమును ఇచ్చట చేర్చుచున్నాము.