గుండ్రని రాత

తెలుగు అక్షరం అందమంతా గీతలో ఉందనుకుంటారు చాలామంది. నా మట్టుకు అది గీత చుట్టిన ఖాళీలో ఉంది. చెయ్యి తొందరపడితే ముందు నలిగేది ఆ ఖాళీయే.

‘థ’ సంగతే చూడండి. ‘ద’ కింద చిన్న గీత పెడితే ‘ధ’. పొట్టలో చుక్క కూడా పెడితే ‘థ’. ఆ చుక్కకు చోటుండాలంటే పొట్ట మొదట్లోనే విశాలంగా తిరగాలి. ఇరుకైతే చుక్క గీతలో కలిసిపోతుంది, కథ కాస్తా కధ అయి కూర్చుంటుంది. ఈ తప్పుకు మన పలుకుబడి ఒక కారణం. చేతి తొందర రెండోదని నా నమ్మకం.

మన లిపి పుట్టుకతో గుండ్రం కాదు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు పేటికల మీద బ్రాహ్మీ అక్షరాలు నిటారు గీతలతో, కోణాలతో ఉంటాయి. తాటాకు మీద ఈనె వెంట గీత లాగితే ఆకు చీలుతుంది కాబట్టే గంటం వంపులు తిరిగిందని అంటారు. ఎదురు వాదనలూ లేకపోలేదు. కానీ గంటంతో రాసే తీరు తెలిస్తే నాకు ఆ మాటే నమ్మబుద్ధవుతుంది. ఎడమ చేతిలో ఆకు, దాని మీద ఎడమ బొటనవేలి ఆసరాతో గంటం. గంటంతోపాటు ఆకునూ జరుపుతూ గీస్తారు. సిరా లేదు, ఉన్నది సన్నటి గాటే. మసి పూసి తుడిచాకే అక్షరం నల్లగా తేలుతుంది. అంటే రాసేవాడు కంటికన్నా ముందు చేతిని నమ్ముకోవాలి.

రాత గుండ్రంగా ఉంటే మనిషి నిదానస్తుడని మా పెద్దవాళ్లు అనేవారు. అందరి విషయంలో నిజం కాకపోవచ్చు గానీ, గుండ్రంగా రాస్తున్నంతసేపూ నిదానం తప్పదు.

బడిలో పిల్లలకు రెండు గీతల కాపీ పుస్తకం ఇస్తాం. పాపం, వాళ్ల ధ్యాసంతా గీతలు దాటకుండా ఉండడం మీదే. చెయ్యి ఎటు తిరుగుతోందో ఎవరూ చూడరు. ఒకటో తరగతిలో కొన్నాళ్లు ఆ పుస్తకం పక్కన పెట్టి పలక ఇవ్వాలి. పలక నిండా ఒక్కటే అక్షరం, భుజం కదిలేటంత పెద్దది. మా మనవరాలికి ‘ఠ’తో మొదలుపెట్టించాను. చుక్క పెట్టాక చుట్టూ చోటు సమానంగా మిగిలిందో లేదో తనే చూసుకుంటుంది. నచ్చకపోతే నేను చెప్పకముందే తుడిచేస్తుంది.