చివర్లో వేసే చక్కెర

మా మేనల్లుడు ఫ్రాన్సు నుంచి తెచ్చిన షాంపేన్ సీసా ఈ వారం తెరిచాం. పేరుమోసిన కంపెనీది కాదు. లేబుల్ అడుగున, వెతికితే తప్ప కనపడనంత చిన్నగా రెండక్షరాలు: ఆర్‌ఎం. సొంత తోటలో పండిన ద్రాక్షతో రైతు తానే చేసుకున్న వైన్ అని దానికి గుర్తు. పక్కవాళ్ల ద్రాక్ష కొని చేసే కంపెనీల సీసాల మీద ఎన్‌ఎం అని ఉంటుంది. పండించినవాడి పేరు సరుకు మీద ఉండాలన్నది నా పాత పట్టు, ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఆ రెండక్షరాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది.

సీసా వెనక ఇంకా వివరంగా ఉంది. ఏ ఏడాది పంట, మడ్డి ఏ నెలలో తీశారు, చక్కెర ఎంత. చక్కెర సున్నా. తాగితే పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, చివరికి నాలుక మీద సన్నటి ఉప్పదనం. తీపన్నది లేదు. "ఇదీ కల్తీ లేని వైనంటే" అన్నాడు పక్కనున్న మిత్రుడు. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ 'కల్తీ' అన్న మాట వారమంతా వదల్లేదు.

ఎందుకంటే అసలు కల్తీ అంటే ఏమిటో షాంపేన్ తయారయ్యే ఊళ్లవాళ్లకు బాగా తెలుసు. 1910లో వానలు, తెగుళ్లతో అక్కడ పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీలు మాత్రం లువార్ లోయ నుంచి, దక్షిణాన లాంగ్‌డాక్ నుంచి సరుకు తెప్పించి షాంపేన్ పేరుతోనే అమ్ముకున్నాయి. ధర కట్టేది కూడా వాళ్లే. మిర్చి యార్డులో బస్తాల పక్కన నిలబడ్డ రైతు ఎంత నిస్సహాయుడో, షాంపేన్ ప్రాంతపు మార్న్ లోయ రైతూ అంతే. 1911 జనవరిలో బయటి నుంచి వస్తున్న వైన్‌ను రైతులు అడ్డగించి పారబోశారు. ఏప్రిల్లో ఆయీ పట్టణంలో కంపెనీల భవనాలు తగలబడ్డాయి. సైన్యం దిగింది. ఏది షాంపేన్ నేల, ఏది కాదన్న సరిహద్దు తేలేసరికి 1927 వచ్చింది. ఇవాళ అక్కడి సుమారు 34 వేల హెక్టార్ల తోటల్లో 90 శాతం దాకా రైతులవే. అమ్మకాల్లో సింహభాగం మాత్రం ఇప్పటికీ కంపెనీలదే. ఆర్‌ఎం అన్న రెండక్షరాలకు నా దగ్గర అంత విలువ ఇందుకే.

మరి చక్కెర? బుడగలు పుట్టేదే దానివల్ల. లీటరుకు 24 గ్రాముల దాకా చక్కెర, కాస్త ఈస్ట్ కలిపి సీసా మూసేస్తారు. ఈస్ట్ ఆ చక్కెరనంతా తినేస్తుంది, పుట్టిన వాయువు లోపలే చిక్కుకుంటుంది. కనీసం 12 నెలలు నేలమాళిగలో పడుకున్నాక, సీసాలను తలకిందులుగా వంచి కొద్దికొద్దిగా తిప్పుతూ ఈస్ట్ మడ్డిని మెడలోకి దించుతారు. మెడ గడ్డకట్టించి మూత తీస్తే మంచుముక్కతో సహా మడ్డి ఎగిరిపోతుంది. ఆ కాస్త వెలితి నింపేటప్పుడే రెండో చక్కెర ప్రశ్న వస్తుంది.

అక్కడ చలి ఎక్కువ, ద్రాక్షలో పులుపు ఎక్కువ; దాన్ని సర్దడానికే ఈ చక్కెర. వేసవులు వేడెక్కి కాయ బాగా పండుతున్న ఈ రోజుల్లో సున్నా సాధ్యమవుతోంది. అన్ని ఏళ్లూ అలా కలిసిరావు. 2021లో ఏప్రిల్ మంచు మొగ్గల్ని కాల్చింది, తర్వాత వానలకు బూజు తెగులు పట్టింది. పెద్ద కంపెనీకి పాత ఏళ్ల వైన్ నిల్వలు పుష్కలంగా ఉంటాయి, కలిపి సర్దుకుంటుంది. నాలుగెకరాల కుటుంబానికి అంత నిల్వ ఎక్కడిది? ఆ ఏడాది లీటరుకు నాలుగైదు గ్రాముల చక్కెర వేస్తే కాయ పులుపు నోటికి పడుతుంది. కొమ్మ కత్తిరించిన మనిషే రుచి చూసి ఆ నాలుగైదు గ్రాములు నిర్ణయిస్తాడు. దాన్ని కల్తీ అనడం నాకు అన్యాయంగా తోస్తోంది. అప్పుడు కూడా సున్నాకే కట్టుబడాలని తాగేవాళ్లం పట్టుబడితే, ధర తామే కట్టిన ఆనాటి కంపెనీల్లా మనమూ రైతు నెత్తిన మన మాట రుద్దినట్టే.

చట్టం ప్రకారం, తీపి తక్కువని చెప్పే 'బ్రూట్' అన్న మాట రాస్తే చాలు. లోపల ఒక గ్రాము ఉందా, పదకొండున్నాయా సీసా మీద అచ్చేయనక్కర్లేదు. ఎంత వేశారో ప్రతి సీసా మీదా అచ్చేయమనే నేనడిగేది, చిన్న రైతునైనా పెద్ద కంపెనీనైనా. ఐదు అని రాసి ఉన్నా ఆ కుటుంబం సీసా నేను కొంటాను.