ఒక రికార్డుకు ఒక పుస్తకం: ఎవరి చేతులు లెక్కలోకొచ్చాయి?

పాట మీద తెలుగులో విమర్శ తక్కువేం రాలేదు. అయితే ఆ విమర్శలో పాట వినపడేది తక్కువ. వస్తువేంది, ప్రతీకలేంది, కవి ఏ రాజకీయాల మనిషి అనే దగ్గరికొచ్చి ఆగిపోతుంది. డప్పు ఎవరు కొట్టారు, కోరస్ ఎవరిది, క్యాసెట్ ఎవరి డబ్బుతో తయారైంది, దాన్ని ఏ ఊరికి ఎవరు మోసుకుపోయారు అనేవి కిందిస్థాయి ప్రశ్నలుగా మిగిలిపోయాయి. వాటికి జవాబు చెప్పాల్సొస్తే కిందికులాల మనుషుల పేర్లు రాయాల్సొస్తది గదా!

ఇట్లాంటి ప్రశ్నలకు చోటిచ్చే ఒక చిన్న పుస్తకాల వరస ఇంగ్లీషులో రెండు దశాబ్దాలకు పైగా వస్తున్నది. దాన్ని మనం చదవాలి. దాని లోపాలు చెప్పాలి. తీసుకోదగ్గది తీసుకోవాలి. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

ఆ వరస పేరు 'థర్టీ త్రీ అండ్ ఎ థర్డ్'. పాత ఎల్పీ రికార్డు నిమిషానికి 33 చుట్లూ, ఇంకో చుట్టులో మూడో వంతూ తిరుగుతుంది. పేరు దాన్నుంచే వచ్చింది. 2003లో కాంటినమ్ ప్రచురణ సంస్థలో పనిచేస్తున్న డేవిడ్ బార్కర్ దీన్ని మొదలుపెట్టాడు. 2011లో ఆ సంస్థను బ్లూమ్స్‌బరీ కొన్నది గానీ వరస ఆగలేదు. నూట యాభైకి పైగా పుస్తకాలొచ్చాయి. నియమం ఒక్కటే: ఒక ఆల్బమ్‌కు ఒక పుస్తకం, అదీ జేబులో పట్టేంత. ఎట్లా రాయాలన్న దాని మీద కట్టడి లేదు. స్మిత్స్ బృందం ఆల్బమ్ మీద రాయమంటే జో పెర్నీస్ అనే పాటగాడు ఏకంగా ఒక చిన్న నవల రాసిచ్చాడు. ప్రచురణకర్తలు అప్పుడప్పుడూ బహిరంగంగా ప్రతిపాదనలు పిలుస్తారు. ప్రొఫెసర్లే కాదు, పత్రికల వాళ్లూ పాటగాళ్లూ కూడా ఇందులో రాశారు.

ఈ పుస్తకాల్లో నల్లజాతి సంగీతం మీద వచ్చినవాటితో మనం మొదలుపెట్టటం సబబు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికా నల్లవాళ్ల ఉద్యమం నుంచే తెచ్చుకున్నారు. ఆ చుట్టరికం కవిత్వం దాకా, రాజకీయాల దాకా వచ్చింది. సంగీతం దాకా ఇంకా సరిగ్గా రాలేదు.

డగ్లస్ వోక్ 2004లో జేమ్స్ బ్రౌన్ 'లైవ్ ఎట్ ది అపోలో' మీద రాసిన పుస్తకం చూద్దాం. 1962 అక్టోబర్ 24న న్యూయార్క్ హార్లెంలోని అపోలో థియేటర్‌లో జరిగిన ప్రదర్శన అది. దాన్ని రికార్డు చేద్దామంటే కింగ్ రికార్డ్స్ యజమాని సిడ్ నాథన్ డబ్బు పెట్టనన్నాడు. బ్రౌన్ సొంత డబ్బు పెట్టుకున్నాడు. 1963లో వచ్చిన ఆ రికార్డు అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో రెండో స్థానం దాకా పోయింది, 66 వారాలు పట్టికలో నిలబడ్డది. వోక్ ఈ విజయగాథ చెప్పి ఊరుకోడు. అది క్యూబా క్షిపణుల సంక్షోభం నడుస్తున్న వారం. 22న కెన్నెడీ ప్రసంగం, 24న నౌకా దిగ్బంధం అమలు. రేపు బాంబు పడుతుందేమోనన్న రాత్రి ఆ హాల్లో కూచున్న నల్లజనం కేకలను ఆయన పాటకు తగిలిన అడ్డంకిగా వినడు, పాటలో భాగంగా వింటాడు. పది నిమిషాలకు పైగా సాగే 'లాస్ట్ సమ్‌వన్'లో పాటగాడు ఒక మాట అని ఆగితే జనం అందుకుంటారు. ఆ అందుకోవటమే లేకపోతే ఆ రికార్డు లేదు.

ఇది మనకు తెలియని సంగతి కాదు. సభలో పాటగాడు పల్లవి ఎత్తుకుంటే వెనక వరసలోంచి వచ్చే గొంతులు మనవే. కానీ ఆ గొంతులు ఎవరివి, ఆ రోజు వాళ్లు ఏ భయంతో ఏ కోపంతో వచ్చారు అని ఒక రాత్రిని పట్టుకుని పుస్తకం రాయవచ్చునని మన విమర్శకు తట్టలేదు. మనకు 'ప్రజలు' అనే ఒక్క మాట సరిపోయింది.

రెండోది క్రిస్టఫర్ వైన్‌గార్టెన్ 2010లో రాసిన పుస్తకం. పబ్లిక్ ఎనిమీ బృందం 1988లో తెచ్చిన ఆల్బమ్ దాని విషయం. ఆ ఆల్బమ్ పాత రికార్డుల ముక్కలు కోసి, పేర్చి, కుట్టిన బొంత లాంటిది. దీన్నే శాంప్లింగ్ అంటారు. రచయిత ఒక్కో ముక్కను పట్టుకుని అది ఎక్కణ్నుంచి వచ్చింది, మొదట ఎవరు వాయించారు అని వెనక్కి నడుస్తాడు. అట్లా నడిస్తే తగిలే పేర్లలో ఒకటి క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. 1969లో జేమ్స్ బ్రౌన్ బృందం రికార్డు చేసిన 'ఫంకీ డ్రమ్మర్'లో డ్రమ్స్ వాయించినవాడు. అందులో మిగతా వాయిద్యాలన్నీ ఆగి డ్రమ్స్ ఒక్కటే మోగే కొద్ది సెకన్ల ముక్క ఉంది. ఆ ముక్కను తర్వాత వందల పాటల్లో వాడుకున్నారు. పాట హక్కు బ్రౌన్ పేరు మీద ఉంది. వాయించిన చేతులకు ఆ వాడకం మీద రాయల్టీ రాలేదు. స్టబుల్‌ఫీల్డ్ 2017లో చనిపోయాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. పాటకు మాట రాసినవాడు కర్త, రాగం కట్టినవాడు కర్త, దరువు వేసినవాడు మాత్రం కూలి. ఈ లెక్క కట్టింది చట్టం. చట్టానికి మాట, రాగం ఆస్తిగా కనపడ్డాయి. దరువు కనపడలేదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల సంగీతానికి దరువే ప్రాణమైనప్పుడు ఈ కనపడకపోవటం యాదృచ్ఛికం అనుకోలేం. మన దగ్గర ఈ లెక్క చట్టం కన్నా ముందే కులం కట్టింది. డప్పు కొట్టటం మాదిగల వెట్టి అయింది. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, దండోరాకు కొట్టాలి. కొట్టినవాడు కళాకారుడు కాడు. మృదంగం సంగతి చూడండి. వాయించేవాడి పేరు కచేరీ కరపత్రంలో ఉంటది. తోలు తెచ్చి, నానబెట్టి, గీసి, బిగించి దానికి శ్రుతి పుట్టించినవాడి పేరు ఉండదు. టి.ఎం. కృష్ణ 2020లో మృదంగం తయారీదారుల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాశాడు. వాళ్లలో చాలామంది దళిత క్రైస్తవులు. ఆ పుస్తకం ఆవిష్కరణకు ముందు ఇచ్చిన హాలును చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. వాయిద్యం వెనకాల చేతుల పేర్లు చెబితే ఎవరికి ఇబ్బందో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

మూడో పుస్తకం అన్నిటికన్నా వింతైంది. కెనడా విమర్శకుడు కార్ల్ విల్సన్ తనకు అసలు నచ్చని గాయని సెలీన్ డియోన్ 1997 ఆల్బమ్ మీద 2007లో రాశాడు. ఎందుకు నచ్చటం లేదు అన్నదే ఆయన ప్రశ్న. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియెర్ బూర్దియూ 1979లో అభిరుచి మీద రాసిన గ్రంథాన్ని ముందు పెట్టుకుని, అభిరుచి అనేది వర్గం వేసుకునే కంచె అనే వాదం దగ్గరికి వస్తాడు. సెలీన్ క్యూబెక్‌లో పద్నాలుగు మంది పిల్లల ఇంట్లో చివరి సంతానం. ఇంగ్లీషు వాళ్ల పెత్తనం కింద బతికిన ఫ్రెంచి పేదల బిడ్డ. ఆమె పాటను చవకబారు అని తోసేసే నగరపు విమర్శకుడు తోసేస్తున్నది ఒక్క పాటనేనా? ఇంత నిజాయితీగా తన చెవినే బోనులో నిలబెట్టుకున్న విమర్శకులు అరుదు.

మన దగ్గర ఈ ప్రశ్నకు వర్గం ఒక్కటే చాలదు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్లకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. త్యాగరాజ కీర్తన సంగీతం అవుతుంది, చిందు యక్షగానం జానపదం అవుతుంది, మా వాడలో డప్పు గోల అవుతుంది. సంగీతానికి ఒక శాఖ, జానపదానికి ఒక శాఖ, గోలకు పోలీసు స్టేషన్. ఎవరి చెవి ఈ విభజన చేసిందో ఆ చెవి కులమేంటని అడగటం అభిరుచి చర్చలో మన వంతు.

ఇంత మెచ్చుకున్నాక ఈ వరస లోపం కూడా చెప్పాలి. 'క్లాసిక్' అనే మాట ఎవరికి ముందు దక్కిందో జాబితాలోనే కనపడుతుంది. మొదటి ఏళ్లలో తెల్లవాళ్ల రాక్ ఆల్బమ్‌లదే పెద్దపీట. మొట్టమొదటి పుస్తకం 'డస్టీ ఇన్ మెంఫిస్' మీద. నల్లవాళ్ల సోల్ పద్ధతిని ఇష్టపడి మెంఫిస్ వెళ్లిన తెల్ల బ్రిటిష్ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ 1969 ఆల్బమ్ అది. అందులో ఆమె వెనక పాడిన స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ నల్ల స్త్రీల బృందం. నల్లవాళ్ల రికార్డుల మీద వచ్చిన పుస్తకాల్లోనూ చాలావాటిని రాసింది తెల్లవాళ్లే. స్లై స్టోన్ ఆల్బమ్ మీద 2006లో రాసిన మైల్స్ మార్షల్ లూయిస్ లాంటి నల్ల రచయితలు లేకపోలేదు. కానీ పాడేది ఒకరు, పాడినదాన్ని గురించి చెప్పేది ఇంకొకరు అనే పాత ఏర్పాటు అంత తొందరగా కదలదు. మనకిది బాగా తెలిసిన ఏర్పాటే.

ఇంకో లోపం రూపంలోనే ఉంది. ఒక ఆల్బమ్ అనగానే దాని మీద ఒక మేధావి సంతకం వెతికే అలవాటు వస్తుంది. ఈ అలవాటును దాటిన పుస్తకం ఆరన్ కోహెన్ 2011లో అరీథా ఫ్రాంక్లిన్ 'అమేజింగ్ గ్రేస్' మీద రాసింది. 1972 జనవరిలో రెండు రాత్రులు, లాస్ ఏంజెలెస్‌లో నల్లవాళ్ల వాడ వాట్స్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో రికార్డయిన ఆల్బమ్ అది. కోహెన్ అరీథా దగ్గరే ఆగకుండా రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్ దగ్గరికి, క్వయర్ నడిపించిన అలెగ్జాండర్ హామిల్టన్ దగ్గరికి పోతాడు. ఆ గొంతును తయారుచేసిన గుడి ఆ పుస్తకంలో కనపడుతుంది.

ఇక మన సంగతి. తెలుగు దళిత పాట ఎల్పీ మీద రాలేదు, క్యాసెట్ మీద వచ్చింది. క్యాసెట్ చవక. ఒకటి దొరికితే ఇంకో పది చేసుకోవచ్చు. అదే దాని బలం, అదే ఇవ్వాళ మన సమస్య. తేదీ లేదు, వాయించినవాళ్ల పేర్లు లేవు, అట్ట మీద సంస్థ పేరు మాత్రం ఉంటుంది. విప్లవ సంస్థల క్యాసెట్లలో పేర్లు దాచటానికి కారణం ఉంది. పేరు బయటపడితే ప్రాణం మీదికొచ్చే కాలం అది. 1997 ఏప్రిల్‌లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఆ కారణాన్ని మేము తేలిక చెయ్యం. కానీ రక్షణ కోసం దాచిన పేర్లు రక్షణ అవసరం తీరాక కూడా బయటికి రాకపోతే దాన్ని ఏమనాలి? సంస్థ పేరు మిగిలింది, నాయకుడి పేరు మిగిలింది, డప్పు పట్టిన చేతుల కులమూ పేరూ రెండూ పోయాయి.

అకాడమీల లోకంలో పాటకు గౌరవం దొరకటానికి ఒకటే దారి ఉంది: అది అచ్చులో పుస్తకం కావాలి. గోరటి వెంకన్నకు 2021 సాహిత్య అకాడమీ అవార్డు 'వల్లంకి తాళం' పుస్తకానికి వచ్చింది. రావల్సిందే, సంతోషమే. అయితే ఆ గొంతును, ఆ నడకను, కాలి గజ్జెను గౌరవించే భాష మన విమర్శకు ఇంకా లేదు. యూనివర్సిటీలో పాట మీద సిద్ధాంత గ్రంథం రాయబోతే ముందు దాన్ని కాగితం మీదికి దించమంటారు. దించినాక మిగిలేది పాటలో పావు వంతు. దాని మీద మూడొందల పేజీలు రాస్తాం.

అందుకే చిన్న పుస్తకం కావాలంటున్నాం. అయితే వాళ్ల కొలత మనకు కుదరదు. ఒకే పాట ఊరూరికీ మారుతుంది కనుక 'అసలు ఆల్బమ్' అనేది మనకు లేదు. వోక్ పుస్తకం దారి చూపిస్తున్నది. ఆల్బమ్ బదులు ఒక సందర్భాన్ని పట్టుకోవాలి. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద హత్యాకాండ జరిగింది. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరుకున్నారు. దళిత మహాసభ పుట్టింది. కారంచేడు మీద గద్దర్ పాట కట్టాడు. ఆ ఒక్క పాట మీద వంద పేజీలు ఎందుకు రాకూడదు? మొదట ఎక్కడ పాడారు? ఎవరు కోరస్ అందుకున్నారు? బాధితులు విన్నారా, విని ఏమన్నారు? విప్లవ సంస్థ పాట దళిత మహాసభ వేదిక మీదికి వచ్చినప్పుడు ఏ మాట మారింది, ఏ మాట మారలేదు? వర్గం కులంతో మాట్లాడిన తీరు సిద్ధాంత వ్యాసాల్లో కన్నా ఆ మార్పుల్లో స్పష్టంగా దొరకవచ్చు.

ఈ పనికి గడువుంది. టేపు బూజు పడుతుంది, సాగుతుంది, తెగుతుంది. మనుషులు ఆగరు. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయాడు. ఆయన పక్కన నిలబడి పాడినవాళ్ల వయసూ మీద పడుతున్నది. కార్యకర్తల ఇళ్లల్లో అటకల మీదున్న క్యాసెట్లను దించాలి. పారెయ్యొద్దు. విద్యార్థులు ఎవరో ఒకరి దగ్గరికి పోయి ఒక్క క్యాసెట్ కలిసి వినాలి. వింటున్నప్పుడు వాళ్లు చెప్పిన పేర్లు రాసుకోవాలి. పేరు అచ్చులో వెయ్యటానికి వాళ్ల అనుమతి తీసుకోవాలి. భయం అందరికీ పోలేదు. అధ్యాపకులు సాహిత్యం క్లాసులో పాటను అచ్చులో చదివించే ముందు ఒక్కసారి వినిపించాలి.

రాసేటప్పుడు మొదటి పేజీలో పాటగాడి పేరు రాయండి. దాని కిందనే, అంతే సైజు అక్షరాల్లో, డప్పు కొట్టినవాళ్ల పేర్లు రాయండి.