ముందు సప్లై చూడాలి

రేడియో, టీవీ మెకానిక్ బల్ల మీద ఒకప్పుడు తప్పకుండా కనిపించే వస్తువు సిరీస్ బల్బు. చెక్కకు బిగించిన హోల్డరు, అందులో 100 వాట్ల బల్బు, పక్కన ఒక సాకెట్టు. అంతే. కాలేజీ ల్యాబుల్లో మూలపడ్డ పాత సీఆర్వోలు (ఆసిల్లోస్కోపులు), సిగ్నల్ జనరేటర్లు బాగుచెయ్యాలన్నా మొదలెట్టాల్సింది దానితోనే.

షార్టయిన పరికరాన్ని తిన్నగా ప్లగ్గులో పెడితే ఫ్యూజు ఎగురుతుంది. ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరూ కాలుతుంది. మధ్యలో బల్బు ఉంటే కరెంటుకు హద్దు ఉంటుంది. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే కెపాసిటర్లు ఛార్జయ్యాయి, పెద్ద షార్టు లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టుంది. అసలు వెలగకపోతే ఫ్యూజో, స్విచ్చో, ప్రైమరీ చుట్టో తెగింది.

ఆ తర్వాత వరస తప్పకూడదు: ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి డయోడ్లు, ఫిల్టర్ కెపాసిటర్, రెగ్యులేటర్. చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్లను రెసిస్టర్‌తో ఖాళీ చెయ్యాలి. సీఆర్వో ట్యూబుకు వెళ్లే లైన్లో వేల వోల్టులుంటాయి, అందులో చనువు పనికిరాదు. మీటరు డయోడ్ రేంజిలో మంచి సిలికాన్ డయోడు ఒకవైపు 0.5 నుంచి 0.7 వోల్టులు చూపుతుంది, రెండోవైపు ఏమీ చూపదు. రెండువైపులా సున్నా వస్తే షార్టే.

పల్లెల్లాంటి చోట్ల లో-వోల్టేజి వేళల్లో మాత్రమే బయటపడే జబ్బు ఒకటుంది. పొద్దున బాగా పనిచేసిన సీఆర్వోలో సాయంత్రం గీత వణుకుతుంది. చాలామంది రెగ్యులేటర్‌ని అనుమానిస్తారు. కానీ 5 వోల్టులిచ్చే 7805కి లోపలికి కనీసం 7 వోల్టులు అందాలి. ఫిల్టర్ కెపాసిటర్ ఏళ్లకేళ్లు వేడికి ఎండిపోతే సెకనుకు 100 సార్లు ఆ వోల్టేజి కిందికి జారుతుంది. మెయిన్సు 230 ఉన్నప్పుడు ఆ లోతు 7కి పైనే ఉంటుంది. 180కి పడితే కిందికి పోతుంది. డీసీ రేంజిలో మీటరు సగటే చూపుతుంది కాబట్టి దొంగ దొరకడు. అదే చోట ఏసీ రేంజిలో చూస్తే ఆ జారుడు (రిపుల్) ఒకటి రెండు వోల్టులుగా బయటపడుతుంది. కెపాసిటర్ నెత్తి ఉబ్బిందా, కింద గోధుమరంగు జిగురు కారిందా అని కంటితోనూ చూడాలి.

ఈ వరసకు విలువ ఎక్కడుందంటే, పాత తయారీదార్లు దాన్ని నమ్మి పరికరాలు కట్టారు. 1946లో మొదలైన టెక్ట్రానిక్స్ తన మాన్యువళ్లలో సర్క్యూట్ డయాగ్రంతోపాటు ఎక్కడ ఎన్ని వోల్టులుండాలో కూడా అచ్చువేసింది. కొలిచి, పోల్చి, తేడా వచ్చిన చోట ఆగితే చాలు. కనపడ్డ పార్టల్లా మార్చుకుంటూ పోయేవాడికి జబ్బు తగ్గినా కారణం తెలియదు. అది మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. కొన్ని రూపాయల కెపాసిటర్ మార్చి పెద్ద పరికరాన్ని నిలబెట్టడం ఈ కొలత వల్లే సాధ్యం.

పని అయ్యాక డిమ్మర్‌స్టాట్‌తో మెయిన్సు 180 దాకా తగ్గించి, పరికరాన్ని గంటసేపు నడిపి చూడాలి. ఆ పరీక్షకు నిలిస్తేనే రిపేరు పూర్తయినట్టు.